జపనీస్‌లో ‘ఎన్ని?’ అని అడగాలంటే

జపాన్‌లో ఏ కన్వీనియెన్స్ స్టోర్‌లోనైనా రెండు బెంటో (భోజనం) డబ్బాలు కొని బిల్లు కట్టబోతుంటే, క్యాషియర్ నోటి నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: “ఒహషి వ నంజెన్ ఒత్సుకె షిమస్ క?” చాప్‌స్టిక్స్ ఎన్ని జతలు పెట్టమంటారు అని అర్థం. ఏడాదిపాటు జపనీస్ చదివి వెళ్ళినవాళ్ళు కూడా ఇక్కడ ఒక్క క్షణం ఆగిపోతారు. ‘ఎన్ని’ అంటే ‘ఇకుత్సు’ అని పుస్తకంలో చదివారు. పుస్తకాలకైతే ‘నన్‌సత్సు’, సీసాలకైతే ‘నంబొన్’ అనీ నేర్చుకున్నారు. మరి ఈ ‘నంజెన్’ ఎక్కడి నుంచి ఊడిపడింది?

‘నన్’ అంటే ఎన్ని. ‘జెన్’ అనేది చాప్‌స్టిక్స్ జతల్ని, వడ్డించిన అన్నం గిన్నెల్ని లెక్కపెట్టే మాట. జపనీస్‌లో వస్తువుల్ని లెక్కపెట్టేటప్పుడు అంకె సాధారణంగా ఒంటరిగా రాదు, దాని వెనక ఇలాంటి లెక్క మాట ఒకటి ఉండాలి. వాళ్ళ వ్యాకరణంలో దీన్ని ‘జొసూషి’ అంటారు. నేర్చుకునేవాళ్ళందరూ కౌంటర్ అనే అంటారు కాబట్టి ఇక్కడా అదే మాట వాడుకుందాం. కాగితం, టికెట్, చొక్కా, ప్లేటు లాంటి పల్చటి వాటికి ‘మై’. పెన్సిలు, గొడుగు, సీసా, చెట్టు లాంటి పొడుగాటి వాటికి ‘హొన్’. పుస్తకాలకు ‘సత్సు’, బండ్లకూ యంత్రాలకూ ‘దై’, పిల్లీ కుక్కా చేపా లాంటి వాటికి ‘హికి’, ఏనుగు, ఆవు లాంటి పెద్ద జంతువులకు ‘తో’, కప్పుల్లో గ్లాసుల్లో పోసిన వాటికి ‘హై’, మనుషులకు ‘నిన్’. నిఘంటువులు తిరగేస్తే ఇవి వందల్లో కనిపిస్తాయి. రోజూ నోట్లో ఆడేవి మాత్రం కొన్ని పదులే.

ప్రశ్న తయారు చేయడం చూడటానికి చాలా తేలిక. అంకె ఉండాల్సిన చోట ‘నన్’ పెట్టి, వెనక ఆ వస్తువుకు తగిన కౌంటర్ తగిలిస్తే సరి. నన్‌మై, నన్‌సత్సు, నందై, నన్నిన్. ఈ తేలికతనం వెనక ఒక మెలిక ఉంది. ‘ఎన్ని’ అని అడిగే ముందే, అడుగుతున్న వస్తువు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలి. పల్చటిదా, పొడుగుదా, ప్రాణం ఉన్నదా, మనిషా? ఈ బరువంతా అడిగేవాడిదే. జవాబు చెప్పేవాడికి దాదాపు ఏ పనీ ఉండదు. “కిప్పు వ నన్‌మై దెస్ క?” అంటే, టికెట్లు ఎన్ని అంటే, ‘నన్’ తీసేసి ‘సన్’ పెట్టి “సన్‌మై దెస్” అనేస్తే చాలు. కౌంటర్ ప్రశ్నలోనే అందింది.

అందుకే కౌంటర్లను పట్టికల్లో బట్టీ పట్టించే పద్ధతి మీద సందేహం కలుగుతుంది. దాదాపు ప్రతి పాఠ్యపుస్తకం చివరా ఒక పెద్ద పట్టిక ఉంటుంది. అడ్డంగా కౌంటర్లు, నిలువుగా ఒకటి నుంచి పది. దాన్ని గోడకు అంటించుకుని చదివినవాళ్ళకు పరీక్ష గట్టెక్కుతుందేమో గానీ, కొట్లో అడిగే ప్రశ్న చెవిన పడగానే వెలగదు. ప్రశ్నల్నే ఏరుకుని నేర్చుకుంటే ఒక్కో ప్రశ్నతో కౌంటరూ, దాని జవాబూ, అది వాడే సందర్భమూ మూడూ కలిసి వస్తాయి. హోటల్ రిసెప్షన్‌లో “నంపకు దెస్ క?” అంటే ఎన్ని రాత్రులు ఉంటారు అని. రెస్టారెంట్ గుమ్మంలో “నన్‌మేసమ దెస్ క?” అంటే ఎంతమంది వచ్చారు అని. ఈ రెండో ప్రశ్నలో ‘మే’ అనేది మనుషులకు వాడే మర్యాద కౌంటర్, ‘సమ’ దాని మీద మరో గౌరవం. జవాబులో ఆ గౌరవం తీసేయాలి. “ఫుతరి దెస్” అంటే, ఇద్దరం అంటే, చాలు. ప్రశ్నలో ఉన్న ‘సమ’ను అలాగే తిప్పి కొడితే మనకు మనమే ‘గారు’ తగిలించుకున్నట్టు ఉంటుంది.

తెలుగువాళ్ళలో చాలామంది జపనీస్‌ను ఇంగ్లిష్ పుస్తకాల మీదుగా నేర్చుకుంటారు. ఈ విషయంలో మాత్రం అది చుట్టుదారి. ఇంగ్లిష్‌లో మనుషులకూ మామిడిపండ్లకూ ఒకటే ప్రశ్న. తెలుగులో అలా కుదరదు. ‘అన్నదమ్ములు ఎన్ని?’ అని ఎవరూ అడగరు, ‘ఎంతమంది?’ అంటారు. ‘పాలు ఎన్ని కావాలి?’ అనరు, ‘ఎన్ని పాలు’ అసలే అనరు, ‘ఎంత’ అనో ‘ఎన్ని ప్యాకెట్లు’ అనో అంటారు. అంటే అడిగే ముందు విడదీసుకోవడం తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన అలవాటే. జపనీస్ ఆ విడదీతను ఇంకా సన్నగా చేసింది, అంతే. ‘నన్నిన్’ పక్కన ‘ఎంతమంది’, ‘ఇకుత్సు’ పక్కన ‘ఎన్ని’, ‘దొనొ కురై’ పక్కన ‘ఎంత’ పెట్టుకుంటే మూడు ముఖ్యమైన గదులు సిద్ధమైనట్టే. ఒక్కచోట జాగ్రత్త పడాలి. తెలుగు ‘ఎంత’ ధరకూ పనికొస్తుంది, దూరానికీ పనికొస్తుంది. జపనీస్‌లో ధరకు ‘ఇకుర’, దూరానికీ కాలానికీ ‘దొనొ కురై’. స్టేషన్‌కు ఎంతసేపు పడుతుందో అడగబోయి “ఇకుర కకరిమస్ క?” అంటే, ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నకు జవాబు వస్తుంది.

మనుషుల లెక్కలో పోలిక ఇంకా దగ్గర. తెలుగులో ఒకరు, ఇద్దరు, ముగ్గురు అంటూ ఏడుగురి దాకా మామూలుగా వెళ్ళి, ఆ తర్వాత ‘ఎనిమిది మంది’కి మారిపోతాం. ఎనమండుగురు, పదుగురు లాంటివి ఇప్పుడు రాతల్లోనే మిగిలాయి. జపనీస్‌లో ఈ ప్రత్యేక రూపాలు ఇద్దరితోనే ఆగిపోతాయి: హితొరి, ఫుతరి. మూడు నుంచి ‘సన్నిన్’, నలుగురికి ‘యొనిన్’. ‘యొన్నిన్’ కాదు, అక్కడ ఒక ‘న్’ మాయమవుతుంది. రెండు భాషల్లోనూ చిన్న అంకెలకే పాత దేశీ రూపాలు అతుక్కుని ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఎక్కువగా వాడే మాటలు అంత సులువుగా అరగవు.

ఇక కుటుంబం గురించి అడిగినప్పుడు. “గొక్యోదై వ నన్నిన్ దెస్ క?” అంటే తోబుట్టువులు ఎంతమంది అని. జవాబు రెండు విధాలుగా చెప్పొచ్చు. “సన్నిన్ క్యోదై దెస్” అంటే చెప్పేవాడితో కలిపి ముగ్గురు. “క్యోదై గ ఫుతరి ఇమస్” అంటే తనను మినహాయించి ఇద్దరు. ‘మేం ముగ్గురం అన్నదమ్ములం’, ‘నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు’ అనే రెండు వాక్యాల మధ్య ఉన్న తేడా సరిగ్గా ఇదే. తెలుగు తెలిసినవాడికి ఇది వివరించనే అక్కర్లేదు. ప్రాణులకు ‘ఇమస్’, వస్తువులకు ‘అరిమస్’ అనే క్రియ తేడా కూడా ప్రశ్నలోనే పట్టుబడుతుంది. కుక్కలు ‘నంబికి ఇమస్ క’, కుర్చీలు ‘ఇకుత్సు అరిమస్ క’.

నంబికి అనగానే అసలు తలనొప్పి మొదలవుతుంది. కౌంటర్ పేరు ‘హికి’ అయితే ‘బికి’ ఎక్కడిది? ‘హొన్’ను తీసుకుంటే ఒకటికి ఇప్పొన్, రెండుకు నిహొన్, మూడుకు సంబొన్, నాలుగుకు యొన్‌హొన్, ఆరుకు రొప్పొన్, ఎనిమిదికి హప్పొన్, పదికి జుప్పొన్. ఒకే మాట హ, ప, బ అనే మూడు వేషాలు వేస్తుంది. కారణం చరిత్రలో ఉంది. జపనీస్ ‘హ’ ఒకప్పుడు ‘ప’గా పలికేది. ఒంటరిగా ఉన్నచోట మెత్తబడి ‘హ’ అయింది, ఒత్తుగా వచ్చినచోట పాత ‘ప’ అలాగే నిలిచిపోయింది, ‘న్’ తర్వాత ‘బ’ అయింది.

ఇంత చిక్కులోనూ ప్రశ్న అడిగేవాడికి ఒక సులువు దారి ఉంది. ‘నన్’ నడక మూడు నడకే. సంబొన్ కాబట్టి నంబొన్. సంబికి కాబట్టి నంబికి. గ్లాసులకు సంబై, నంబై. చెప్పుల జతలకు సంజొకు, నంజొకు. ఇళ్ళకు సంగెన్, నంగెన్. నిమిషాలకు మూడు ‘సంపున్’ కాబట్టి ప్రశ్న ‘నంపున్’, ‘నంబున్’ కాదు. వందలు, వేలు కూడా ఇంతే: సంబ్యకు, నంబ్యకు, సంజెన్, నంజెన్. మొదట్లో చూసిన చాప్‌స్టిక్స్ ‘నంజెన్’, ఎన్ని వేలు అనే ‘నంజెన్’ చెవికి ఒకటేలా వినిపిస్తాయి, కానీ బెంటో పక్కన వేల జతలు ఎవరూ అడగరు కాబట్టి గొడవ లేదు. నాలుగు అనే ‘యొన్’ కూడా ‘న్’తోనే ముగుస్తుంది, అయినా అది ఈ దారిన పోదు. అది ‘షి’ అనే పాత మాట స్థానంలోకి తర్వాత వచ్చి కూర్చుంది. ‘షి’ అంటే చావు అనే అర్థం కూడా ఉండటంతో జనం దాన్ని పక్కన పెట్టారు. కొత్తగా వచ్చిన యొన్‌కు పాత మార్పులు అంటలేదు.

ఇక్కడ తెలుగు లిపి చేసే మేలు ఒకటి చెప్పుకోవాలి. జపనీస్‌లో అచ్చు లేకుండా వచ్చే ‘న్’, మన సున్న దాదాపు ఒకే పని చేస్తాయి. వెనక ‘బ’ వస్తే ‘మ్’గా, ‘గ’ వస్తే ‘ఙ్’గా పలుకుతాయి. ‘నంబొన్’, ‘నంగై’ అని సున్నతో రాసుకుంటే ఉచ్చారణ దానంతట అదే సరిపోతుంది. రోమన్ అక్షరాల్లో చదివినవాళ్ళు ‘నన్-బొన్’ అని విడగొట్టి పలకడం తరచూ వినిపిస్తుంది.

నంగై దగ్గర మరో ముడి. ‘కై’ అనే ఉచ్చారణతో రెండు కౌంటర్లున్నాయి. ఒకటి ‘సార్లు’, రెండోది ‘అంతస్తు’. సార్లకు సంకై, నంకై. అంతస్తుకు సంగై, నంగై. లిఫ్ట్‌లో ఎవరైనా “నంగై దెస్ క?” అంటే ఎన్నో అంతస్తుకు వెళ్ళాలి అని. ఈ తేడాను అందరూ పాటిస్తారని కాదు, అంతస్తుకూ ‘సంకై’ అనేసే జపనీయులు ఉన్నారు. లిఫ్ట్‌లో నిలబడి ‘ఎన్నిసార్లు’ అని అడగరు గనక ఎవరికీ ఇబ్బంది రాదు.

‘ఎన్నో అంతస్తు’ అనే మాట తెలుగులో ఎంత సహజంగా వస్తుందో గమనించాలి. ఇంగ్లిష్‌లో దీనికి సూటి మాట లేదు, ‘ఏ అంతస్తు’ అని తిప్పి అడగాలి. వరుస సంఖ్యను అడగడానికి తెలుగుకు ‘ఎన్నో’ ఉన్నట్టే జపనీస్‌కు కౌంటర్ వెనక చేరే ‘మె’ ఉంది. జపాన్‌లో అడుగుపెట్టిన ప్రతి విదేశీయుడికీ ఎదురయ్యే ప్రశ్న “నిహొన్ వ నంకైమె దెస్ క?” జపాన్‌కు రావడం ఎన్నోసారి? మొదటిసారైతే ‘ఇక్కైమె’ అనో, ‘హజిమెతె’ అనో చెప్తారు. ‘మీరు ఇంట్లో ఎన్నో సంతానం?’ అన్నది ఇంగ్లిష్‌లోకి తేవడానికి ఆపసోపాలు పడాలి. జపనీస్‌లో “నంబన్‌మె నొ కొ దెస్ క?” అని తేలిగ్గా వచ్చేస్తుంది. పిల్లల్ని ‘ఎన్నో క్లాసు?’ అంటే “నన్నెన్‌సే?”, ‘ఇవాళ ఎన్నో తారీఖు?’ అంటే “క్యో వ నన్నిచి?” ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాడికి ఇదంతా ఒక కొత్త వ్యాకరణ పాఠం. తెలుగువాడికి మాట మార్పిడి మాత్రమే.

కాలం విషయంలో మాత్రం ఎవరైనా కాస్త చూసుకుని నడవాల్సిందే. నంజి అంటే గంట ఎంతయింది అని, నంజికన్ అంటే ఎన్ని గంటలు అని. నంగత్సు ఎన్నో నెల, నంకగెత్సు ఎన్ని నెలలు. నన్నిచికి రెండు అర్థాలూ ఉన్నాయి, కావాలంటే వెనక ‘కన్’ చేర్చి నన్నిచికన్ అని రోజుల సంఖ్యను స్పష్టం చేసుకోవచ్చు. ప్రశ్నలోనే జవాబు దొరుకుతుందన్న సూత్రం కూడా ఇక్కడే దెబ్బతింటుంది. ‘నన్నిచి’ అని అడిగితే జవాబు ‘సన్నిచి’ కాదు, ‘మిక్క’. రెండు నుంచి పది వరకు తేదీలూ రోజుల లెక్కా చైనా నుంచి వచ్చిన అంకెలతో కాక, దేశీ అంకెలతోనే నడుస్తాయి: ఫుత్సుక, మిక్క, యొక్క అంటూ పది అనే ‘తోక’ దాకా. పద్నాలుగు, ఇరవై, ఇరవై నాలుగు కూడా ఈ గుంపులోవే. ఒకటికి మాత్రం తేడా ఉంది. ఒకటో తారీఖు ‘త్సుఇతచి’, ఒక రోజు ‘ఇచినిచి’. ఇవి బట్టీ పట్టక తప్పదు. పట్టికల మీద ఎంత సందేహం ఉన్నా ఈ ఒక్క పట్టికకు మినహాయింపు ఇవ్వాలి.

వాక్యంలో ప్రశ్న ఎక్కడ కూర్చుంటుందన్నది తెలుగువాడికి చాలావరకు ఉచితంగా వచ్చేదే. “కిప్పు ఒ నన్‌మై కైమషిత క?” అన్నదాన్ని ‘టికెట్లు ఎన్ని కొన్నారు?’ అన్న వరుసలోనే చదువుకోవచ్చు. వస్తువు, దాని విభక్తి ‘ఒ’, ఆ తర్వాత ఎన్ని, చివర క్రియ. ఎన్ని అన్న మాట క్రియకు ఆనుకుని ఉండటమే జపనీస్‌లో మామూలు పద్ధతి. కొత్తవాళ్ళు రెండుచోట్ల జారతారు. విభక్తిని మళ్ళీ కౌంటర్ వెనక కూడా పెట్టి ‘కిప్పు ఒ నన్‌మై ఒ’ అనడం ఒకటి. ‘ఎన్ని టికెట్లు’ అనే తెలుగు వరుస పట్టుకుని ‘నన్‌మై కిప్పు’ అనడం రెండోది. లెక్క ముందుకు వస్తే మధ్యలో ‘నొ’ ఉండాలి, ‘నన్‌మై నొ కిప్పు’. తెలుగులో అక్కడ ఏ అతుకూ అవసరం లేదు కాబట్టి ఈ తప్పు మనవాళ్ళ నోట సులువుగా దొర్లుతుంది.

క్రియ పక్కకు జరిగిన ఈ లెక్క ఎంత దూరం జరగొచ్చన్నది 1980ల నుంచి భాషాశాస్త్రజ్ఞులు తర్జనభర్జన పడుతున్న విషయం. “సకె ఒ గకుసే గ సంబొన్ నొంద” అంటే, సాకే అనే మద్యాన్ని విద్యార్థులు మూడు సీసాలు తాగారంటే, జపనీయుల చెవికి బాగానే ఉంటుంది. “గకుసే గ సకె ఒ సన్నిన్ నొంద” అంటే మాత్రం ఎబ్బెట్టుగా తోస్తుంది. విద్యార్థులకూ ‘ముగ్గురు’ అన్న లెక్కకూ మధ్య సాకే అడ్డుపడింది. తెలుగులోనూ ‘పాలు పిల్లలు రెండు గ్లాసులు తాగారు’ అనొచ్చు గానీ, ‘పిల్లలు పాలు ముగ్గురు తాగారు’ అంటే ఏదోలా ఉంటుంది. నియమం తెలియకపోయినా చెవి పట్టేస్తుంది.

కౌంటర్ ఎంపికను వస్తువు ఆకారమే తేల్చదు, దానితో మనకున్న పని తేలుస్తుంది. బస్సును వాహనంగా లెక్కపెడితే ‘నందై’, డిపోలో ఎన్ని బస్సులున్నాయి అన్నట్టు. స్టాప్‌లో నిలబడి “ఇచిజికన్ ని నంబొన్ అరిమస్ క?” అంటే గంటకు ఎన్ని సర్వీసులు అని. అదే బస్సు, ప్రశ్న వేరు, కౌంటర్ వేరు. ఫోన్ కాల్, హోమ్ రన్, సినిమా కూడా పొడుగాటి వస్తువుల ‘హొన్’లోకే చేరాయి. ట్యూనా చేప సముద్రంలో ఈదుతున్నప్పుడు ‘హికి’, పట్టి మార్కెట్‌కు తెచ్చాక ‘హొన్’, అమ్మకానికి దీర్ఘచతురస్రపు దిమ్మెగా కోశాక ‘సకు’, పలచగా తరిగితే ‘కిరె’, సుషీ అన్నం మీదికి ఎక్కాక ‘కన్’. సుషీ దుకాణంలో “నంకన్?” అని వినపడితే చేపల సంఖ్య అడగడం లేదన్నమాట.

ఇవన్నీ గుర్తు రాకపోతే ఏం చేయాలి? ‘ఇకుత్సు’ ఉంది. ఆకారంతో పనిలేకుండా దాదాపు ఏ వస్తువుకైనా చెల్లుతుంది, జవాబులు హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు అంటూ పది అనే ‘తో’ దాకా వెళ్తాయి. పదకొండు నుంచి ‘త్సు’ ఉండదు, చైనా నుంచి వచ్చిన అంకెలే. బార్‌లో డ్రాట్ బీరు గ్లాసులకు ‘హై’ అనే కౌంటర్ ఉన్నా, జపనీయులు “నమ ఫుతత్సు” అని కేకేయడమే ఎక్కువ. చాప్‌స్టిక్స్ ప్రశ్నకు ‘నిజెన్’ అనకుండా ‘ఫుతత్సు’ అన్నా రెండు జతలూ చేతికొస్తాయి. ఇకుత్సుకు వయసు అర్థం కూడా ఉంది. చంటిపిల్లల్ని “ఇకుత్సు?” అంటారు, పెద్దవాళ్ళను మర్యాదగా “ఒఇకుత్సు దెస్ క?” అంటారు. పెద్దవాళ్ళ దగ్గర నేరుగా “నన్‌సై?” అంటే కాస్త మొరటుగా ఉంటుంది. మనుషుల సంఖ్యకు మాత్రం ఇకుత్సు పనికిరాదు. పిల్లలు ‘ఇకుత్సు’ అని అడిగితే వాళ్ళ వయసు చెప్తారు.

ప్రశ్న పదాలు ప్రశ్న కాని చోట చేసే పని కూడా చూడాలి. ‘నంకై’ వెనక ‘మొ’ చేరిస్తే ‘నంకై మొ’, ఎన్నోసార్లు. “నంకై మొ ఇఇమషిత” అంటే ఎన్నోసార్లు చెప్పాను. తెలుగు ‘ఎన్ని’కి ‘ఓ’ తగిలించినట్టే ఉంది. ‘దరె క’ అంటే ఎవరో, ‘ఇత్సు క’ అంటే ఎప్పుడో అని చదివినప్పుడు ‘క’ అంటే ‘ఓ’ అన్నమాట అని లెక్క వేసుకుంటారు తెలుగువాళ్ళు. ఆ లెక్కన ‘నంకై క’ ఎన్నోసార్లు కావాలి. కాదు, అది కొన్నిసార్లే. ‘నన్నిన్ క’ కొందరు, ‘నన్నిన్ మొ’ ఎంతోమంది. పార్టీకి నన్నిన్ క వచ్చారని చెప్తే అయిదారుగురికి వంట చేస్తారు, నన్నిన్ మొ అంటే ఇంకో అన్నం గిన్నె పొయ్యి మీద పెడతారు. జవాబు సున్నా అయినప్పుడు మాత్రం రెండు భాషలూ మళ్ళీ కలుస్తాయి. “హితొరి మొ ఇమసెన్” ఒక్కరూ లేరు, “ఇప్పొన్ మొ అరిమసెన్” ఒక్క సీసా కూడా లేదు.

ఈ మధ్య కాలంలో చెవికి బాగా తగిలే మరో సంగతి, చిన్న ముద్దల్లాంటి వస్తువులకు వాడే ‘కొ’ అన్ని దిక్కులా పాకడం. గుడ్లు, ఆపిళ్ళు దాని అసలు తావు. ఇప్పుడు కుర్రకారు తమకంటే ఒక ఏడాది పెద్దవాణ్ణి “ఇక్కొ ఉఎ” అంటారు, అంటే ‘ఒకటి పైన’ అన్నట్టు. వయసుకు గుడ్ల కౌంటరా అని మండిపడే పెద్దలు అక్కడా ఉన్నారు. అయినా స్కూలు స్నేహితుల మధ్య “నంకొ ఉఎ?” అనే ప్రశ్న హాయిగా తిరుగుతూనే ఉంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో మాత్రం అలా అనరు, అక్కడ సంవత్సరాల్లోనే చెప్తారు.